నా తరఫున

నేను మామయ్యకి కాలిగోళ్లు తీస్తుండగా కంప్యూటర్లో నడుస్తున్న కన్ఫిగర్ మళ్లీ ఆగిపోయింది. నెయిల్ కట్టర్ మంచం మీద పెట్టి, స్టూలు మీదున్న లాప్‌టాప్ వైపు వంగి చూశాను. ఫాంట్ల లైబ్రరీ ఎక్కడా కనిపించడం లేదంటోంది. నిన్న కనిపించనిది, కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్. కిందామీదా పడి దాన్ని సర్దేసరికి ఇవాళ ఇది.

"ఏవంటోంది?" అన్నారు మామయ్య. పక్షవాతం వచ్చాక ఆయన మాట సగం నోట్లోనే ఉండిపోతుంది.

"అక్షరాలు రాయడం రాదంటోంది మామయ్యా. నేర్పాలి."

"నేర్పు మరి," అని బాగున్న కాలు నా వైపు జరిపారు.

హాల్లో ఉన్న బల్ల మా ఆయనది. అందుకని నా లాప్‌టాప్ మామయ్య గదిలోకి వచ్చింది. నేనూ మా ఆయనా ఒకే ఆఫీసులో, ఒకే రోజు చేరాం. మామయ్య మంచాన పడినప్పుడు "ఇద్దర్లో ఎవరో ఒకరం మానెయ్యాలి" అన్నాడతను, తల ఎత్తకుండా, కంచంలోకి చూస్తూ. ఆ ఎవరో ఒకరు ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. అతనిప్పుడు మేనేజరు. నేను ఇంట్లోనే ఉంటాను. ఆడపడుచు భాషలో చెప్పాలంటే "వదిన ఖాళీగానే ఉంటుంది."

అలాంటి నాకు మేడమ్ ఫోన్ చేశారు. ఒకప్పుడు మా టీమ్‌ని నడిపిన ఆవిడ. ఇప్పుడు సొంతంగా చిన్న కంపెనీ నడుపుతున్నారు. ఆసుపత్రి వార్డుల్లో రోగి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఊపిరి ఎలా ఆడుతోందో చూపించే తెరలు చేస్తారు. "నర్సుల దగ్గర రకరకాల కంప్యూటర్లుంటాయమ్మా. అన్నిట్లోనూ ఒకేలా కనిపించాలి. విండోలూ బటన్లూ గీసిపెట్టే పెద్ద లైబ్రరీ ఒకటుంది కదా, తయారుగా దొరికేది మంచాల పక్కన పెట్టే మా చిన్న మెషిన్లలో పట్టడం లేదు. సోర్స్ కోడ్ తీసుకుని, అక్కర్లేనివన్నీ తీసేసి మనమే బిల్డ్ చేసుకోవాలి. మా పిల్లలకి అంత ఓపిక లేదు. నీకుంది. చేసి చూపించు, వచ్చి చేరు."

ఓపిక. పెళ్లయిన దగ్గర్నుంచి నన్ను మెచ్చుకోవాలంటే అందరికీ దొరికే మాట అదొక్కటే. ఆ మాట అన్నవాళ్లంతా ఇంకో పని అప్పజెప్పి వెళ్లారు. కూర్చోడానికి కుర్చీ ఇస్తానన్నది మేడమ్ ఒక్కరే.

మా ఆయనకి చెబితే నవ్వాడు. "మా దగ్గర ఆ పని కొత్తగా చేరినవాళ్ల నెత్తిన పడేస్తాం. సరేలే, నీకూ కాలక్షేపం."

నిజం చెప్పాలంటే ఆ పని నాకు కాలక్షేపం కాదు, ఆకలి. కన్ఫిగర్ చేసేటప్పుడు, అంటే బిల్డ్‌కి ముందు ఏ భాగాలు ఉండాలో తేల్చేటప్పుడు, ప్రతిదీ మనమే చెప్పాలి. శబ్దం కావాలా? వద్దు. వీడియో? వద్దు. వెబ్ పేజీలు చూపించే భాగం? అదే అన్నిటికన్నా బరువు, తీసెయ్. ప్రింటింగ్? దాని దగ్గర చాలాసేపు ఆలోచించి ఉంచాను, డాక్టర్లు కాగితం అడుగుతారని. ఏది కావాలో ఏది వద్దో ఇలా వరసగా నన్ను అడిగి, చెప్పినదాన్ని చెప్పినట్టు రాసుకున్నది ఏదైనా ఉందా అని ఆలోచిస్తే ఏదీ గుర్తు రాలేదు. మామయ్యకి పక్క తిప్పుతూ, దుప్పట్లు ఉతుకుతూ, వంటింట్లో పోపు మాడకుండా చూసుకుంటూ కూడా లోపల ఆ 'కావాలా, వద్దా'లనే తిప్పుకుంటూ ఉండేదాన్ని.

కన్ఫిగర్ గట్టెక్కాక కంపైల్ మొదలైంది. త్వరగా అవుతుందని ఒకేసారి చాలా ఫైళ్లు ఎక్కిస్తే పాత లాప్‌టాప్ నిలువునా బిగుసుకుపోయింది. ఇక ఒక్కొక్క ఫైలే పెట్టాను. తెర మీద అక్షరాల బారు పాకుతూనే ఉంది. ఆడపడుచు ఫోన్ చేసి, ఏం చేస్తున్నావంటే చెప్పాను. "అది దానంతటదే అవుతుంటే నువ్వు చూస్తూ కూర్చోడమేగా వదినా! మా పరదాలు కాస్త కుట్టిపెట్టకూడదూ?" అంది. మర్నాడు పొద్దున, పని చివరికొస్తుండగా మా ఆయన ఆఫీసుకి వెళ్తూ లాప్‌టాప్ మూసేశాడు. "ఫ్యాన్ గోల పెడుతోంది, నాన్నకి నిద్ర పట్టొద్దూ" అన్నాడు. తెరిచి మళ్లీ నడిపిస్తే సగంలో ఆగిన ఫైలేదో పాడైనట్టుంది, చివర్లో అన్నీ కలిపే చోట ఎర్రర్ల మీద ఎర్రర్లు. అంతా తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. నిద్ర పట్టలేదని మామయ్య అనలేదు. "మళ్లీనా?" అని మాత్రం అడిగారు, తప్పు తనదైనట్టు.

చివరికి ఒక మధ్యాహ్నం అది పూర్తయింది. పరీక్షకని చిన్న ప్రోగ్రామ్ రాసి నడిపించాను. తెర మధ్యలో ఒక విండో లేచింది. అందులో 'సరే' అని ఒకే ఒక బటన్. అక్షరాలు విరగలేదు, ఒత్తులు జారలేదు. మామయ్య చెయ్యి పట్టుకుని మౌస్ మీద పెట్టాను. నొక్కారు. విండో మాయమైంది. ఆయన నోరు ఒక పక్కకి వంకర పోయింది. నవ్వుతున్నారని అర్థమై నేనూ నవ్వాను. ఇద్దరం అలా కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాం.

సాయంత్రం మా ఆయనకి చూపిస్తే, "ఇంతేనా?" అన్నాడు.

నర్సుల దగ్గరుండే మిగతా రకాల కంప్యూటర్లకీ బిల్డ్ చేసి మేడమ్‌కి పంపాను. పగలు మామయ్యని చూసుకోడానికి మనిషి దొరుకుతుందేమోనని పక్కింటావిణ్ని వాకబు చేశాను. బీరువాలోంచి ఆఫీసు బట్టలు తీసి, బిగుతయినవి వదులు చేసుకున్నాను.

ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన అన్నాడు. "నువ్వు నాన్నకి స్నానం చేయిస్తున్నప్పుడు మీ మేడమ్ ఫోన్ చేసింది. పని బ్రహ్మాండంగా ఉందట. వెంటనే వచ్చి చేరమంది."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"కుదరదని చెప్పేశాన్లే, నీ తరఫున. నువ్వైతే మొహమాటపడి ఒప్పేసుకుంటావు. తర్వాత నీకే ఇబ్బంది. ఆ కూర ఇటు వెయ్యి."

వేశాను. కోపంగా అని ఉంటే కోపంతో ఎదురు తిరిగేదాన్నేమో. అతను నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు. నా గొంతుతో మాట్లాడి, ఆ గొంతు తిరిగి ఇచ్చేశాననుకుని మజ్జిగ కలుపుకుంటున్నాడు. అన్నం గిన్నె తీస్తూ, సింకులో నీళ్లు వదులుతూ, నాకు కోపం ఎందుకు రావడం లేదో అర్థం కాక భయపడ్డాను. కోపం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి తడిమితే అక్కడేమీ తగల్లేదు.

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్లాక మామయ్య గదిలోంచే మేడమ్‌కి ఫోన్ చేశాను.

"నీ ఫోన్ కోసమే చూస్తున్నానమ్మా," అన్నారావిడ. "నాకు నమ్మబుద్ధి కాలేదు. ముసలాయన్ని వదిలి రాలేనని నువ్వు ఏడ్చావనీ, నువ్వే చెప్పమన్నావనీ అన్నాడు మీ ఆయన. నిజమేనా? ఆ సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఒక్క మాట చెప్పు, చాలు."

ఒక్క మాట. కాదు మేడమ్, నేను ఏడవలేదు, చెప్పమనలేదు. అంతా నాలుక చివర ఉంది. అది అంటే నా మొగుడు అబద్ధాలకోరని బయటివాళ్ల ముందు తేల్చినట్టు. అలాంటివాడితో ఇన్నేళ్లు ఎలా ఉన్నావని ఆవిడ అడగకపోయినా నాకు వినిపిస్తుంది. సాయంత్రం అతను ఇంటికొస్తాడు. మంచం మీంచి మామయ్య నన్నే చూస్తున్నారు. నేను చూడగానే గోడ వైపు తిరగబోయారు, ఒళ్లు తిరగలేదు, కళ్లు మూసుకున్నారు.

"అవును మేడమ్," అన్నాను. "నేనే చెప్పమన్నాను."

ఆవిడ "సరేనమ్మా, ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేశారు.

అప్పటిదాకా అది అతనాడిన అబద్ధం. దాన్ని నిజం చేసింది నేను.