నాన్న పోలిక

పెద్దక్క కాగితాన్ని మధ్యకు మడిచి, చెక్కబద్దతో ఒక్క నొక్కు నొక్కి, మళ్లీ అడ్డంగా మడిచింది. ఎనిమిది పేజీల ఫారం తయారై ఎడమ పక్క దొంతరలో పడింది. ముప్పై నాలుగేళ్లుగా ఆ బైండింగు షెడ్డులో, ఆ కిటికీ కిందే ఆమె చోటు. కుడి బొటనవేలి గోరు ఒక పక్కకు అరిగిపోయింది. వేళ్ల సందుల్లో జిగురు ఎండి పొలుసులు కట్టింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ చేతులకు కళ్లతో పనిలేదు. దొంతరలో ఒక్క కాగితం ఎక్కువొచ్చినా తాకగానే పట్టేస్తాయి.

ఇవాళ మాత్రం చేతులు ఒక దారి, మనసు ఒక దారి. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాలి. తమ్ముడికి తన కిడ్నీ పనికొస్తుందో లేదో డాక్టరమ్మ ఇవాళ చెబుతానంది. పక్కన అట్టలు అంటించే ఆవిడకు ఈ సంగతి తెలుసు. నోరూరుకోదు కదా.

"ఇస్తే ఎడమదివ్వు పెద్దక్కా. కుడిది మడతల పనికి కావాలి."

పెద్దక్క నవ్వింది. నవ్వి చాలా రోజులైంది.

వాళ్లమ్మ షుగరు ముదిరి, కిడ్నీలు చెడి, యాభై నిండకుండానే పోయింది. అమ్మమ్మదీ అదే దారి. పెద్దక్కది అచ్చుగుద్దినట్టు అమ్మ ముఖం. అదే నుదురు, అదే వంకర చిటికెనవేలు. తమ్ముడేమో నాన్న పోలిక. నాన్నంటే ఎనభై దాటినా రాళ్లు తిని అరిగించుకున్న మనిషి. ఇంకేముంది, జబ్బు అక్కకి, ఆరోగ్యం తమ్ముడికి అని చుట్టాలంతా కూర్చుని పంచేశారు. డాక్టర్లు కూడా అంత ధీమాగా చెప్పరు.

పెద్దక్క పాతికేళ్లకే తీపి మానేసింది. వచ్చిన సంబంధాన్ని వద్దంది, తన జబ్బు ఇంకొకరి నెత్తిన ఎందుకని. ముప్పై ఆరో ఏట షుగరు రానే వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఆమె కూడా. ఆర్నెల్లకోసారి పరీక్షలకు తమ్ముడే తీసుకెళ్లేవాడు, మొదట సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద. లోపల ఆమె రక్తమిస్తుంటే బయట బల్ల మీద కూర్చుని బిస్కెట్లు తినేవాడు. ఒకసారి నర్సు, వచ్చినవాడివి నువ్వూ ఇచ్చిపోరాదా అంది. నేను నాన్న పోలికండీ అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దక్కా నవ్వింది. ఆ నవ్వే ఇప్పుడు ఆమెను నమిలేస్తోంది. వాడికి షుగరు ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలీదు. కాళ్లుబ్బి బూట్లు పట్టని రోజున బయటపడింది. అప్పటికే రెండు కిడ్నీలూ అయిపోయాయి.

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు తిప్పింది.

"మీ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయమ్మా."

"అయితే ఎప్పుడు తీస్తారు?"

తీయనంది. షుగరున్న వాళ్లందరికీ కిడ్నీలు పోవట, కొన్ని ఇళ్లలో ఆ ముప్పు రక్తంలోనే దిగుతుందట, ఎవరిలోకి ఎంత దిగిందో పైకి కనిపించదట. ఇంత షుగరుతో, ఇలాంటి ఇంట్లో పుట్టి, ఒకటి ఇచ్చేస్తే రేపు మిగిలిందీ పోవచ్చట. పెద్దక్కకు బోధపడలేదు.

"నాది అమ్మ ముఖం కదమ్మా. పోవాల్సింది నావి కదా."

"ముఖం చూసి రాదమ్మా అది," అంది డాక్టరమ్మ మెల్లగా.

పై అంతస్తులో తమ్ముడి చేతి నుంచి రెండు గొట్టాలు యంత్రంలోకి వెళ్తున్నాయి. ముఖం పాత కాగితంలా పసుపెక్కింది. ఆమె వచ్చి కూర్చున్న తీరు చూసే వాడికి సంగతి తెలిసిపోయింది.

"వద్దన్నారా?"

తలూపింది.

"చూశావా, అమ్మ ముఖం నీకిచ్చి కిడ్నీలు నాకిచ్చింది. పంపకాల్లో మోసం జరిగిందక్కా."

"ఆ రోజే నీ చెవి పట్టుకుని లోపలికి ఈడ్చుంటే..."

"ఈడిస్తే మాత్రం వచ్చేవాణ్ణా?"

వాడు కళ్లు మూసుకుని, అలాగే అన్నాడు.

"మా పిల్లని పరీక్షలకి తీసుకెళ్లక్కా. వాళ్లమ్మ పోలికని వదిలెయ్యకు."

తీసుకెళ్తానంది. దుప్పటి కాళ్ల మీదికి లాగి, షెడ్డుకు తిరిగొచ్చింది. ఆ మధ్యాహ్నం నాలుగు ఫారాలు తలకిందులుగా మడిచింది. మేస్త్రి చూసి తనే విప్పేశాడు.

ఎండ కిటికీ దిగుతుండగా మరదలు ఫోను చేసింది. యంత్రం ఇంకో పావుగంటలో ఆపుతారనగా వాడికి చెమట పట్టిందట, నిద్రపోతున్నాడనుకున్నారట. అంతే, మళ్లీ కళ్లు తెరవలేదట. పెద్దక్క చెక్కబద్దను గుడ్డతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టి లేచింది.

మంచం పక్కన మేనకోడలు నిలబడి ఉంది. పెద్దక్క ఆ ముఖంలో ఎవరి పోలికా వెతకలేదు. చెయ్యి పట్టుకుని నర్సు దగ్గరికి నడిచింది.

"రక్తపరీక్ష గది పొద్దున ఎన్నింటికి తెరుస్తారమ్మా?"

వెనక్కి వచ్చేసరికి మరదలు సంచి సర్దుతోంది. బల్ల మీద నీళ్ల సీసా ఉంది. రోజుకు ఇంతకు మించి తాగకూడదని మరదలే దాని మీద గోళ్లరంగుతో మూడు గీతలు గీసి ఇచ్చేది. సాయంత్రం దాహానికని వాడు దాచుకున్న నీళ్లు చివరి గీత దగ్గర కదలకుండా ఉన్నాయి.