కొమురవ్వ మంచం పక్కన పాదరసం

నేను ఒక రక్తపోటు కొలిచే యంత్రాన్ని. బీపీ మిషన్ అంటే మీకు త్వరగా తెలుస్తుంది. నాకు ఆత్మ ఉందని నేను వాదించను. ఒక గాజు గొట్టం, అందులో పాదరసం, చేతికి చుట్టే నల్లగుడ్డ పట్టీ, రెండు రబ్బరు గొట్టాలు, గాలి కొట్టడానికి ఒక రబ్బరు బుడ్డి, వీటన్నిటినీ దాచుకునే ఇనుప పెట్టె. ఇంతకు మించి ఆత్మ అనే విడిభాగాన్ని నన్ను బిగించిన కార్మికుడు ఎక్కడా బిగించలేదు. అయినా లోకం ఇలాంటి రాతలను ఆత్మకథలనే అంటుంది గనుక ఆ వాడుకకు నేనూ తలవంచుతున్నాను.

నా మొదటి యజమాని నరహరిరావు అనే వృద్ధ వైద్యుడు. ఉత్తర తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో ఆయన దవాఖాన. అక్కడికి వచ్చినవారు పట్టీ విప్పకముందే "ఎంతున్నది సారు?" అని పరీక్షలో మార్కులు అడిగినట్టు అడిగేవారు. తక్కువ ఉందని చెబితే తమ క్రమశిక్షణే కారణమని మురిసిపోయేవారు. ఎక్కువ ఉందని చెబితే తాము మోస్తున్న బాధ్యతలు అటువంటివని ఇంకా మురిసిపోయేవారు. మనుషులకు అంకె కావాలి. ఆ అంకెకు అర్థం మాత్రం వాళ్లే చెప్పుకోవాలి.

ఆయన పోయాక కుటుంబం వారు నా మూత మీద తెల్ల రంగుతో ఆయన పేరు రాయించి సర్కారు ఆసుపత్రికి బహూకరించారు. ఫొటోలు తీశారు. అంత విలువైన వస్తువు పాడవుతుందేమోనని ఆరు నెలలు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎముకలు విరిగిన ఆడవారి వార్డుకు ఇన్‌చార్జిగా వచ్చిన రెహానా సిస్టర్ ఆ తాళం తీయించకపోతే నేను ఆపై ఒక్క ప్రాణానికైనా పనికొచ్చేవాణ్ని కాదు. ఇప్పుడు చెప్పబోయే భయం కూడా నాకు తెలిసేది కాదు.

ఒక సోమవారం మధ్యాహ్నం కొమురవ్వను తెచ్చారు. యాభై రెండేళ్ల బీడీ కార్మికురాలు. తునికాకు నానబెట్టిన తొట్టి దగ్గర జారిపడి కుడికాలు మోకాలి కింద విరగ్గొట్టుకుంది. వెంట కూతురు జమున ఉంది. ఆటో నడుపుకునే కొడుకు ఓదెలు తల్లిని రెండు చేతుల మీద మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. గురువారం ఆపరేషన్ అన్నారు.

నిఖిలేశ్ అనే కుర్ర డాక్టరు కేసు షీటు రాశాడు. వయసు అడిగాడు, షుగరు ఉందా అని అడిగాడు, ఇదివరకు ఏదైనా ఆపరేషన్ జరిగిందా అని అడిగాడు. తరువాతి గడి అలవాట్లది. మగ వార్డులో అక్కడ సారా, బ్రాందీ, కల్లు అన్నీ పేరుపేరునా అడుగుతారు. ఆడ వార్డులో అడగరు. తల్లి వయసు మనిషిని ఆ మాట అడగడం మర్యాద కాదని ఎవరో ఎప్పుడో అనుకున్నారు, తరువాతి వారంతా దాన్ని పాటించారు. నిఖిలేశ్ కలం ఎత్తకుండా ఆ గడిలో ఒక అడ్డగీత గీసి ముందుకు వెళ్లాడు. ఆ పూట నా పాదరసం నూట ముప్పై దగ్గర నిలిచింది. ఎవరికీ ఏ బెంగా లేదు.

మంగళవారం సాయంత్రం కొమురవ్వ చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయింది. సగం చాయ్ దుప్పటి మీద ఒలికింది. జమున తుడుస్తూ ఉంటే తల్లి ఆమె కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నేను పక్కనున్న స్టూలు మీదే ఉన్నాను.

"కొంచెం తెచ్చియ్యవే బిడ్డా. ఒక్క గ్లాసు. పానం గుంజుతున్నది."

"దవాఖానల ఎట్ల తేవాలె అవ్వా? వాసనొస్తది. ఎవలన్న చూస్తరు."

"మీ అన్నకు మాత్రం తెల్వనియ్యకు. నా మీద ఒట్టు."

వాళ్లిద్దరి మాటల్లో నాకు సంగతి తెలిసింది. భర్త చనిపోయినప్పటి నుంచి, ఎనిమిదేళ్లుగా, కొమురవ్వ రోజూ సాయంత్రం నాలుగింటికి రెండు సీసాల కల్లు తాగుతోంది. పొద్దంతా ఒంగి బీడీలు చుట్టిన నడుముకు అది చలువ అని ఆమె నమ్మకం. కల్లు అమ్మే కాంపౌండుకు పోయి స్టీలు క్యానులో తెచ్చిచ్చేది జమున. ఊళ్లో మహిళా సంఘానికి కొమురవ్వ అధ్యక్షురాలు. తాగి వచ్చే మగవాళ్లను సంఘం ముందు నిలబెట్టి కడిగేసిన మనిషి. ఎనిమిది నెలల కింద ఓదెలు చేతిని తన నెత్తిన పెట్టించుకుని తాగుడు మాన్పించింది. ఆనాటి నుంచి అతను ఆటో ఇంటి ముందు ఆపగానే "ఏదీ, నోరు సూపియ్" అని వాసన చూసేది. అంతకుముందే తాను ఇంత సోంపు నమిలి ఉండేది.

ఈ ఇంట్లో అన్న తాగుడు మానడం తల్లి మాట మీదే నిలబడి ఉంది. తల్లి మాట చెల్లెలి మౌనం మీద నిలబడి ఉంది. జమున భయం అదే. నోరు తెరిస్తే అన్న మళ్లీ ఆ కాంపౌండు గేటు తొక్కుతాడు.

బుధవారం ఉదయం పట్టీ కింద కొమురవ్వ చేయి చెమటతో తడిసి ఉంది. నూట అరవై ఎక్కాను. ఆపరేషన్ భయమని చెప్పి డాక్టరు ఒక మాత్ర రాశాడు. భయం నిజమే, కాని అది ఆపరేషన్‌ది కాదు. పాదరసానికి నోరు లేదు. ఎంత ఎక్కిందో చూపగలను. ఎందుకు ఎక్కిందో చెప్పలేను. నా జన్మకున్న లోపం అదొక్కటే అని అంతవరకు అనుకునేవాణ్ని. ఆ రోజు దాని బరువు తెలిసింది.

మధ్యాహ్నానికి కొమురవ్వ దిండుకు ఒరిగి కూర్చుని ఒడిలో చేతులు ఆడించడం మొదలుపెట్టింది. ఒడిలో చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు. అయినా ఆమె వేళ్లు ఆకు కత్తిరించాయి, పొడి పరిచాయి, చుట్టాయి, మూతి మడిచాయి. లేని దారాన్ని పళ్లతో కొరికి పక్కన పడేసింది. వెంటనే మరొకటి అందుకుంది.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?" అని జమున అడిగింది.

"కనబడ్తలేదా? వెయ్యి కావాలె. కార్ఖాన బండొచ్చే యాళ్లయింది. ఆ దారం ఇటియ్యి."

పక్క మంచం మీద ఉన్న రోగి మొదట నవ్వింది. తరువాత ఆ నవ్వు ఆగిపోయింది. ఆ వేళ్ల వేగం చూస్తూ నవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. రెహానా సిస్టర్ పట్టీ చుట్టబోగానే కొమురవ్వ చూపు నా రబ్బరు గొట్టం మీద నిలిచిపోయింది.

"నల్లది, పాము. తీయున్రి బిడ్డా, చెయ్యికి చుట్టుకుంటున్నది. తీయున్రి."

ఆమె విదిలించిన దెబ్బకు నేను నేల మీద పడ్డాను. మూత బందు వంగింది. విరిగిన కాలుతోనే ఆమె మంచం దిగబోతే ముగ్గురు పట్టుకున్నారు. ఆ కళ్లలోని భీతికి ప్రత్యక్ష కారణం నేనే కావడం నేను ఈనాటికీ మరచిపోలేదు. నేను రబ్బరునని నాకు తెలుసు. ఆమె మెదడు చూస్తున్న పాము ఆమె వరకు అబద్ధం కాదు.

వార్డులో గుసగుసలు మొదలయ్యాయి. మొన్న అదే మంచం మీద ఒకామె పోయిందనీ, ఆమే పట్టుకుందనీ. ఆ వార్డులో ఎవరూ పోని మంచం ఒక్కటీ లేదు. ఆ లెక్కన దయ్యాలతోనే వార్డు నిండిపోయి, రోగులకు చోటు దొరక్కపోవాలి. కాని భయంలో ఉన్నవారు లెక్క వేయరు. ఇద్దరు తమ రోగుల మంచాలను దూరంగా జరుపుకున్నారు.

కబురు అంది ఓదెలు పరుగున వచ్చాడు. తల్లి అతన్ని గుర్తుపట్టకుండా గాలిలో దారం కొరుకుతూనే ఉంది.

"గుట్ట కాడ ఒకాయన గాలి దిగదీస్తడట. నేను తీస్కపోత. యాడ సంతకం పెట్టాలె సారు?"

"గాలి కాదయ్యా. మానసిక రోగంలా ఉంది. హైదరాబాదు పెద్దాసుపత్రికి రాసిస్తాను" అన్నాడు నిఖిలేశ్. అతని గొంతులో ధైర్యం లేదు.

ఒకరు గుట్టకు, మరొకరు నగరానికి. ఏ దారిన వెళ్లినా గంటల ప్రయాణం, మధ్యలో వైద్యం లేదు. అప్పుడు రెహానా సిస్టర్ డాక్టరు దగ్గరగా వచ్చి నిలబడింది.

"సార్, మగ వార్డుల ఇది నేను శానాసార్లు చూసిన. మూడో రోజుకు చెమటలు, వణుకు, పాములు. తాగుడు ఒక్కసారి ఆగినోళ్లకు వస్తయి."

"అలవాట్లు లేవని షీటులో ఉంది కదా."

"ఎవరిని అడిగి రాసిన్రు సార్?"

డాక్టరు షీటు వైపు చూశాడు. ఆ గీత అతనిదే. సిస్టర్ జమున వైపు తిరిగింది.

"మీ అవ్వ కల్లు తాగుతదా అమ్మా?"

జమునకంటే ముందు ఓదెలు అందుకున్నాడు. "ఏం మాట్లాడ్తున్నరు మేడం? ఊర్ల మొగోళ్లందరితోని బంద్ జేయించిన మనిషి మా అవ్వ. నాతోని బంద్ జేయించింది."

"నేను ఆమెను అడుగుతున్న."

జమున అన్న ముఖం చూసింది. "లేదు మేడం" అంది.

ఓదెలు సంతకం పెట్టి తల్లిని ఎత్తుకున్నాడు. సిస్టర్ దారికి అడ్డం నిలబడి, పోయేముందు ఒక్కసారి కొలవనివ్వమంది. అతని చేతుల మీదే కొమురవ్వ మోచేతి పైన పట్టీ చుట్టి గాలి కొట్టింది. నేను ఎక్కుతూ పోయాను. ఆగాలని ఉంది. వస్తువుకు ఇష్టాయిష్టాలు లేవని తెలిసీ ఆగాలని కోరుకున్నాను. రెండు వందలు. అదే క్షణంలో ఆ చేయి కొయ్యలా బిగుసుకుని మళ్లీ సడలింది.

"రెండు వందలు" అని సిస్టర్ పైకే చదివింది. "ఆటోల తీస్కపోతే నడుమల ఫిట్స్ వస్తయి. బతుకుతదని నేను చెప్పలేను."

ఓదెలు అడుగు వేశాడు. జమున అతని అంగీ పట్టుకుంది.

"అన్నా, ఆగు. రోజు రెండు సీసాలు మేడం. ఎనిమిదేండ్ల సంది. నేనే తెచ్చిస్త. ఐతారం తాగిందే ఆఖరు."

ఓదెలు చెల్లెలి వైపు తిరిగాడు.

"నా నోరు వాసన చూసినప్పుడు గూడనా?"

ఆమె తల ఊపింది. అతను తల్లిని మళ్లీ మంచం మీద ఎంతో నెమ్మదిగా, మొదటి రోజు కంటే నెమ్మదిగా పడుకోబెట్టి బయటికి వెళ్లాడు. కాసేపటికి గేటు దగ్గర ఆటో మొరిగినట్టు స్టార్టయి దూరమైంది.

ఆ తరువాత పనులు వేగంగా జరిగాయి. నిఖిలేశ్ పెద్ద డాక్టరుకు ఫోను చేశాడు. సూదిమందు ఎక్కించారు, సెలైన్ పెట్టారు. అతను జమునకు వివరించాడు. "పిచ్చి కాదమ్మా, దయ్యమూ కాదు. కొన్నిచోట్ల కల్లులో మత్తుమందులు కలుపుతారు. ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే మెదడు ఇట్లా తిరగబడుతుంది. నేను మొదటి రోజే అడగాల్సింది." చివరి మాట చెప్పేటప్పుడు అతను నేల చూశాడు. తప్పు ఒప్పుకున్న డాక్టరును నేను చూడడం అదే మొదటిసారి. నా అనుభవం మరీ విస్తృతమైనది కాదు లెండి.

అరగంటకొకసారి నన్ను కట్టారు. నూట తొంభై. నూట ఎనభై నాలుగు. వేళ్లు బీడీలు చుట్టడం మానాయి. తల్లి గండం గట్టెక్కుతున్న కొద్దీ జమున కళ్లు తలుపు వైపే తిరిగాయి. గురువారం పొద్దున్నా ఓదెలు రాలేదు, సాయంత్రమూ రాలేదు. ఫోను ఎత్తలేదు. గేటు వైపు వెళ్లివచ్చిన ప్రతి ఒక్కరినీ ఆమె "మా అన్న కనబడ్డడా?" అని అడిగింది. ఏ సూదిమందూ ఆమెకు పనిచేయదు. ఆమె చేతికి నన్ను ఎవరూ కట్టలేదు. కట్టి ఉంటే ఏం చూపవలసి వచ్చేదో ఊహించడానికే నాకు భయం వేసింది.

శుక్రవారం పొద్దున పది గంటలకు ఓదెలు వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చేతిలో జావ గిన్నె. అతను వంగి గిన్నె పెడుతుండగా జమున తల్లి చూసినట్టే అతని నోటి దగ్గర వాసన చూసింది. అతను గమనించాడు. ఆమె ముఖం చూసి నేనూ ఏమీ తేల్చుకోలేకపోయాను.

కొమురవ్వకు పూర్తిగా తెలివి వచ్చింది. చేతికి నా పట్టీ ఉంది. కొడుకును చూసింది, కూతురు దించుకున్న తలను చూసింది. జరిగింది అర్థమైంది.

"ఎవలు చెప్పిన్రురా నీకు?"

ఓదెలు జావ కలుపుతూనే అన్నాడు. "ఎవలో చెప్పుడేంది? నాకు ఎప్పటి సందో ఎరుకే."

"మరి ఎన్నడు అడగకపోతివి?"

"నన్ను నువ్వు అడుగుతనే ఉంటివి గద. ఇద్దరం అడుక్కుంట కూసుంటె ఇల్లెట్ల నడుస్తది? సల్లారుతది, తాగు."

కొమురవ్వ మొదటి గుక్క మింగి ఏడ్చింది. జమున గిన్నె కింద చేయి పెట్టింది.

అది అబద్ధమని నాకు తెలుసు. బుధవారం అతని ముఖం చూసినవాణ్ని. ఆ రెండు రోజులు అతను ఎక్కడ ఉన్నాడో, ఆ కాంపౌండు ముందు ఆటో ఆపాడో లేదో మాత్రం నాకు తెలియదు.

కొమురవ్వ ఆపరేషన్ మరో పది రోజులకు జరిగింది. ఆడ వార్డులో నిఖిలేశ్ అందరినీ అడగడం మొదలుపెట్టాడు. చాలామంది కోపగించుకున్నారు. కొందరు తలుపు వైపు ఒకసారి చూసి, మాట్లాడకుండా రెండు వేళ్లు చూపించారు.

ఇప్పుడు నేను ఆసుపత్రి వెనుక, పనికిరాని సామాన్ల గదిలో ఉన్నాను. పాదరసం ఒలికితే విషమని మా జాతినంతటినీ పక్కన పెట్టారు. అది సబబే, నాకు ఫిర్యాదు లేదు. ఇక్కడ ఆలోచించుకోవడానికి తీరిక ఉంది. ఆ శుక్రవారం ఎనిమిది గంటలకు కొమురవ్వ చేతి మీద నేను నూట యాభై చూపాను. కొడుకు ఆ మాట అన్నాక సిస్టర్ మళ్లీ గాలి కొట్టినప్పుడు నూట ముప్పై ఎనిమిది. ఒక్క కొలతను పట్టుకుని నిర్ణయానికి రావడం శాస్త్రం కాదు. మందు ప్రభావం వల్ల కొన్ని గీతలు దిగి ఉండవచ్చు, కొడుకు అబద్ధం వల్ల కొన్ని. ఏవి ఎన్నో విడదీసి చూపే సాధనం, కనీసం ఈ గదిలో పడి ఉన్నవాటిలో లేదు.