తాంబూలంలో ఈజిప్టు పురుగు

ఇలా దగ్గరికి జరగండి, ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. ఆస్ట్రేలియాలో పెర్త్ ఊళ్ళో, హారిస్‌డేల్ పేటలో, మన గీతిక ఈజిప్టు శాపం పని పట్టిన సంగతి చెప్పుకుందాం.

గీతిక తల్లి ఉదయలక్ష్మి భర్తతో ఈజిప్టు చూసి వచ్చింది. ఊరికే వచ్చిందా, రాజుల సమాధుల దగ్గర అంగట్లో నీలంరంగు పురుగుబొమ్మలు సంచీ నిండా తెచ్చింది. వేలెడైనా లేవుగానీ ముద్దుగా ఉన్నాయి. వరలక్ష్మీవ్రతం నాడు పేరంటాళ్ళకు తాంబూలంతో పాటు ఒక్కో బొమ్మ రిటర్న్ గిఫ్టుగా పెట్టింది.

అదే కొంప ముంచింది. నెల తిరక్కుండా ఆ పేరంటాళ్ళలో ఒకరైన సీతారావమ్మ బాత్రూములో జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఒకరి అల్లుడి ఉద్యోగం పోయింది. మరొకరింట్లో దగ్గు ఎవరినీ వదల్లేదు. ఆ పురుగులకు సమాధుల శాపం ఉందనీ, పుచ్చుకున్నవాళ్ళను పీడిస్తుందనీ సీతారావమ్మ వాట్సాప్‌లో పెట్టించింది. అంతే, దసరా నవరాత్రుల మొదటిరోజు ఉదయలక్ష్మి బొమ్మలకొలువు పెట్టి పిలిస్తే ఒక్కరూ గడప తొక్కలేదు. పిల్లాడికి స్విమ్మింగని ఒకరు, ఒంట్లో బాగాలేదని ఒకరు. ముత్తైదువ చేతి తాంబూలం వద్దనడమంటే మాటలా? చేసిన పులిహోర డబ్బాల్లో సర్ది, ఫ్రిజ్‌లో పెట్టేసింది ఆవిడ.

గీతిక యూనివర్సిటీలో ఏ జబ్బు ఎవరికి ఎందుకొస్తుందో తేల్చే చదువు చదువుతోంది. తల్లి మొహం చూసి ఉండబట్టలేకపోయింది.

"అమ్మా, పురుగున్న ఇళ్ళ సంగతే అందరూ చెప్తున్నారు. లేని ఇళ్ళని ఎవరైనా అడిగారా?"

"వాళ్ళనెందుకే అడగడం? వాళ్ళకేం కాలేదుగా."

"నీకెలా తెలుసు? ఈజిప్టులోనూ ఇదే కదా. రాజు సమాధి తవ్వి తెరిచినవాళ్ళలో ఎవరైనా పోతే పేపర్లో పడ్డారు. ముసలాళ్ళయ్యేదాకా బతికినవాళ్ళ గురించి ఎవరు రాస్తారు? బోరింగ్ న్యూస్."

తల్లిని కారెక్కించుకుని ఇల్లిల్లూ తిరిగింది. వ్రతానికి వచ్చినవాళ్ళనూ అడిగింది, రానివాళ్ళనూ అడిగింది. పురుగు లేని ఇళ్ళలోనూ అవే దగ్గులు, అవే జారిపడ్డాలు, అవే ఉద్యోగాల దిగుళ్ళు. ఆ మాటకొస్తే ఒకరింట్లో ఇంటికప్పే కారిపోతోంది. అక్కడితో ఆగలేదు పిల్ల. ఆ బొమ్మ ఒక్కసారి చూపించండని పుచ్చుకున్న ప్రతి ఇంట్లోనూ అడిగింది. ఎవరూ చూపించరే. ఎలా చూపిస్తారు, రిటర్న్ గిఫ్టులు మనవాళ్ళిళ్ళలో నిలుస్తాయా? వచ్చిన వారమే ఇంకో పేరంటంలో ఇంకొకరి సంచీలోకి వెళ్ళిపోయాయి.

చివరికి సీతారావమ్మ ఇంటికి వెళ్ళారు. పక్క పేట పియారా వాటర్స్‌లో ఆవిడ ఇల్లు. సోఫా మీద, చేతికి కట్టుతో కూర్చుని ఉంది.

"ఆంటీ, మీ పురుగెక్కడుంది?"

"అలమరలో ఎక్కడో పడేశాను."

"అది వ్రతానికి రాని విద్యావతి ఆంటీ ఇంట్లో ఉంది. మీరు జారిపడక ముందే తాంబూలంలో ఇచ్చేశారట. అది వచ్చాకే వాళ్ళ తమ్ముడికి పీఆర్ వచ్చింది, ఇక ఈ దేశంలోనే ఉండిపోవచ్చట."

సీతారావమ్మ సోఫాలో ముందుకు జరిగింది. మెల్లిగా, "పీఆర్ వచ్చిందా? మావాడు మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. దాన్ని వెనక్కిమ్మంటే ఇస్తుందంటావా?" అంది.

"పీఆర్ కూడా పురుగు ఇవ్వలేదు, ఆంటీ."

ముందు నవ్వింది సీతారావమ్మే. నవ్వి, ఉదయలక్ష్మి చెయ్యి పట్టుకుని, "నోరు జారాను వదినా, నేను పెట్టించిన మాట నేనే తీయిస్తాను" అంది. అన్నట్టే తీయించింది.

విజయదశమి సాయంత్రం ఉదయలక్ష్మి ఇంటి ముందు వీధి పొడుగునా కార్లే. తాంబూలానికి సీతారావమ్మే ముందు నిలబడింది. కుడిచెయ్యి కట్టులో ఉంది, ఎడమచేత్తో పుచ్చుకోకూడదు, అందుకని కొంగు చాపింది. ఉదయలక్ష్మి కళ్ళు తుడుచుకుని అందులో పెట్టింది. పెట్టి, పక్కనున్న కూతుర్ని భుజం పట్టి ముందుకు లాగి, తెలిసినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చెప్పింది, "మా అమ్మాయి" అని.

గుర్తుపెట్టుకోండర్రా. ఎవరైనా శాపం తగిలిందంటే, తగలనివాళ్ళను అడిగారా అని అడగండి. అలా అడిగిన పిల్ల మనలో ఉందని, పేరు గీతిక అని, మీ పిల్లలకూ చెప్పండి.