సినిమాలో పిల్లి కూడా ఉంది

మా చెల్లెలు మా ఇంటి మీద తీసిన సినిమాలో మా పిల్లి కూడా ఉంది. నేను లేను. పిల్లి ఒళ్ళు విరుచుకోవడం ఉంది, పాలగిన్నె నాకడం ఉంది, కిటికీలో కూర్చుని ఎవరినో చీదరగా చూడడం ఉంది. ఆ ఎవరో నేనే. నన్ను చూస్తున్న పిల్లి మొహం పడింది గానీ, నా మొహం మాత్రం ఎక్కడా పడలేదు.

కుళ్ళా అంటే కుళ్ళే. దాచుకోవడం దేనికి?

మా ఇంట్లో వినపడేది నా ఒక్కదానికే. అమ్మకి పుట్టుకతోనే వినపడదు, చెల్లెలికీ అంతే. నాన్నకీ వినపడేది కాదు, ఆయన పోయి చాలాకాలమైంది. వినపడనివాళ్ళ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు జనం. ఒక్కపూట వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. తలుపులు ధడాలుమంటాయి, గిన్నెలు ఒకదాని మీద ఒకటి కూలుతాయి, అమ్మ కుట్టుమిషను కీచుమంటూనే ఉంటుంది, ఎవరినైనా పిలవాలంటే కాలితో నేల మీద దబదబా తంతారు. ఆ మోతంతా నా ఒక్కదాని ప్రాణానికే. వీధిలో నన్నందరూ లౌడ్‌స్పీకరు అంటారు. డాక్టరుతో, కరెంటాఫీసువాళ్ళతో, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళతో అమ్మ తరఫున మాట్లాడేది నేనే మరి. పగలంతా ఒక కంపెనీలో ఫోన్లెత్తి ముక్కూమొహం తెలియనివాళ్ళ తిట్లు వినడం, ఇంటికొచ్చి వీళ్ళ మాటలు మోయడం, ఇదే నా బతుకు.

చెల్లెలికి సినిమా పిచ్చి అంటించింది కూడా నేనే. చిన్నప్పుడు హాల్లో దాని పక్కన కూర్చుని, తెర మీదవాళ్ళు ఏమంటున్నారో ఆ వెలుగులోనే చేతులెత్తి చెప్పేదాన్ని. వెనకవాళ్ళు "చేతులు దించమ్మా!" అని కసిరేవాళ్ళు. అది పకపకా నవ్వేది, కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నేను ఒక్క సినిమా కూడా సరిగ్గా చూసి ఎరగను. చివరికి అదేమో డైరెక్టరు, నేనేమో లౌడ్‌స్పీకరు. కష్టం ఒకరిది, పేరు ఒకరిది.

వినపడనివాళ్ళ కథలు వాళ్ళ చేతే తీయిద్దామని ఏదో సంస్థవాళ్ళు దానికి కెమెరా ఇచ్చి పని నేర్పారు. మంచి మాటే. వినేవాళ్ళు తీసిన సినిమాల్లో మావాళ్ళంటే కళ్ళనిండా నీళ్ళు, వెనకాల ఏడుపు వయొలిను, చివర్లో ఆపరేషను జరిగి టకీమని వినపడిపోవడం. అలాంటిది చూసినప్పుడల్లా మా అమ్మ "పాపం, తీసినవాళ్ళకి కళ్ళు లేవు" అని సైగ చేస్తుంది. చెల్లెలి సినిమాలో ఆ గోల లేదు. అమ్మ దారం కొరికి సూదికి ఎక్కించడం, కొలతలు తప్పు చెప్పి పేచీ పెట్టినావిడని చేతులతోనే ఉతికి ఆరేయడం, మిషను ముందు పెట్టుకున్న అద్దంలో గుమ్మంలోకి ఎవరొచ్చారో కనిపెట్టడం, అదీ సినిమా. బాగుంది. బాగుందని ఒప్పుకోవాల్సి వచ్చినందుకే నాకు కడుపు మండింది.

అది మంటయితే, దాని మీద కారం చల్లడానికి పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆమె ప్రశ్న నేను చేతులతో చెల్లెలికి చెప్పాలి, చెల్లెలి చేతులు చెప్పినదాన్ని నోటితో ఆమెకి చెప్పాలి. "నేను మా అమ్మ జీవితాన్ని చూపించాలనుకున్నాను" అన్నాను. ఆ 'నేను' నా నోట్లోంచే వచ్చింది, నేను మాత్రం కాదు. "చిన్నప్పటి నుంచీ నన్నెవరూ పట్టించుకోలేదు" అని కూడా నేనే అన్నాను. ఆ అమ్మాయి చెల్లెలి వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నావైపు తిరిగి, "కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అంది.

ఇచ్చాను. ఏం చేస్తాం!

అయినా ఒక్క నియమం నేనేనాడూ తప్పలేదు. వచ్చిన మాట వచ్చినట్టు చెప్పడం. తిట్టయినా, పొగడ్తయినా ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క మింగను. అమ్మని ఎవరైనా ఎదురుగా నిలబడి 'చెవిటి మాలోకం' అన్నా అలాగే చెప్పేదాన్ని, ఆవిడ జవాబు ఆవిడ ఇచ్చుకునేది. నాకంటూ గర్వపడడానికి ఉన్నది అదొక్కటే.

ఆ పత్రికమ్మాయి రాకముందే సినిమా మొదటిసారి చెల్లెలి కంప్యూటర్లో చూశాం. దాని స్పీకర్లు ఎప్పుడో పోయాయి, మా ఇంట్లో బాగుచేయించేది ఎవరు గనక? బొమ్మ మాత్రమే కదిలింది. అయిపోగానే చెల్లెలి భుజం తట్టి అడిగాను.

"అంతా బానే ఉంది గానీ, నేనెక్కడే?"

"నువ్వెక్కడ దొరికావు? కెమెరా తీస్తే చాలు, పక్కకి తప్పుకుంటావు."

"నీకడ్డం రాకూడదని తప్పుకున్నానే రాక్షసీ! రమ్మంటే రానా?"

చెల్లెలి చేతులు చాలా మెల్లగా, చాలా మర్యాదగా కదిలాయి. "అక్కా, వినేవాళ్ళ కథలు బోలెడున్నాయి. ఇది మా కథ." ఆ 'మా' అనడానికి వేలితో గాల్లో సున్నా చుట్టింది. ఆ వేలు అమ్మ వైపు నుంచి వెళ్ళింది, దాని గుండె మీదుగా వెళ్ళింది, మూలన పడుకున్న పిల్లి దగ్గర కూడా కాస్త ఆగినట్టే అనిపించింది. నా దాకా రాకుండానే మూసుకుంది. అమ్మ అంతా చూసింది, పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది.

నేను వంటగదిలోకి పోయి గిన్నెలకి చెప్పుకున్నాను. ఈ ఇంట్లోనే పుట్టి, వీళ్ళ మాటలు మోసి మోసి నోరు అరిగిపోయినదాన్ని, నాకు ఆ సినిమాలో ఒక్క మూల లేదట! తెరమీద నా మొహం పడాలని కాదు. ఈ ఇంటి మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు నన్ను కూడా లెక్కపెడతారా లేదా, అదీ నాక్కావలసింది.

కొన్నాళ్ళకి ఒక చిన్న హాల్లో సినిమా వేస్తామన్నారు. వేసేముందు శబ్దం శుభ్రం చేయించి పంపమన్నారు. చెల్లెలు హార్డ్‌డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "శబ్దం సంగతి నాకేం తెలుసు? కెమెరాలో పడింది పడినట్టు బొమ్మతోపాటే ఉంటుందిట. చెత్త ఉంటే తీయించెయ్, అక్కా. నువ్వే నా చెవులు కదా."

చెవులట! సినిమాలో మొహం పనికిరాలేదు గానీ చెవులు పనికొచ్చాయి. తిట్టుకుంటూనే వెళ్ళాను.

ఆ సౌండు గదికి కిటికీల్లేవు, గోడలకి దళసరి స్పాంజి, తలుపు మూస్తే వీధి అనేదే లేనట్టు ఉంది. సౌండాయన మెడలో హెడ్‌ఫోను తగిలించుకుని చాలా మర్యాదగా కుర్చీ చూపించాడు. తెర మీద అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. స్పీకర్లలోంచి గిన్నెల మోత వచ్చింది. దాని వెనకే ఒక గొంతు.

"తీయవే, తీయి. సూదిని తీయి, దారాన్ని తీయి. పొద్దుటి నుంచీ కాఫీ చుక్కయినా తాగని అక్కని మాత్రం..."

అక్కడ తెగిపోయింది, బొమ్మ మారింది. ఆ గొంతు నాదే. కెమెరాకి చెవులుంటాయని తెలియని వెర్రిదాన్నా? తెలుసు. కానీ మా ఇంట్లో నా నోటికి సాక్షి ఎవరూ లేరు. పైకి తిట్టుకున్నా, పాడుకున్నా, ఏడ్చినా అడిగేవాళ్ళు లేరు. ఆ ధైర్యంతో బతికినదాన్ని. గోడలకి చెవులుంటాయంటారే, ఆ గోడలు కూడా మావాళ్ళలాంటివేనని నా నమ్మకం.

తెర మీద అమ్మా చెల్లెలూ అద్దంలో ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. నా గొంతు: "నవ్వుకోండి, నవ్వుకోండి. నాకు చెప్పకండి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత చెప్తారు గానీ, ఆ ఊదేదాని గతేంటో ఒక్కళ్ళూ అడగరు."

తెర మీద పిల్లి. నా గొంతు: "నువ్వే నయమే. నిన్నయినా తీస్తున్నారు."

తెర మీద అమ్మ చెల్లెలి తల దువ్వుతోంది, కెమెరా బల్ల మీద పెట్టి తీసుకున్నారు. అప్పుడు నా గొంతు బాగా తగ్గింది. "నాక్కూడా వినపడకపోతే ఎంత బాగుండును. అమ్మ నన్నూ అలా దగ్గర కూచోబెట్టుకునేది."

చివరికి అమ్మ మాకు వీపు పెట్టి కిటికీ దగ్గర బట్ట మడత పెడుతోంది. వెనక నుంచి "అమ్మా" అని నా గొంతు. అమ్మ తిరగలేదు. మళ్ళీ "అమ్మా". బట్ట మడత పెట్టడం అయిపోయింది. పిలవాలంటే నేల తన్నాలి, కాదంటే వెళ్ళి భుజం తట్టాలి, ఆ మాత్రం నాకు తెలియదా! అయినా ఉత్తుత్తినే పిలుస్తుంటాను. చిన్నప్పటి అలవాటు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. సౌండాయన మాత్రం కుర్చీలో ఎగిరి పడ్డాడు.

"మీ చెల్లెలుగారు మామూలు మనిషి కాదండీ బాబూ! ఏం ఐడియా అండీ ఇది! మనిషిని చూపించకుండా వట్టి గొంతు. అదీ మాట మధ్యలో కోసెయ్యడం. ఎన్ని సినిమాలు చేశాను, ఇంత గుండె ఉన్న డైరెక్టర్ని చూడలేదు. ఎవరండీ ఆ గొంతు? ఎక్కడ పట్టుకొచ్చారు?"

చూశారా! నా ఏడుపు కూడా దాని ఖాతాలోకే పోయింది. నోరు నాది, కుళ్ళు నాది, పొగడ్త మాత్రం దానికి.

"చెత్తండీ అది. తీసెయ్యండి" అన్నాను.

"డైరెక్టర్ని అడక్కుండా నేను కత్తెర వెయ్యను."

ఫోను బల్ల మీద నిలబెట్టి చెల్లెలికి వీడియో కలిపాను. అది అడిగింది: "ఏముంది అందులో?"

"గిన్నెలు" అన్నాను చేతులతో. "ఫ్యాను. వీధి కుక్కలు. మామూలే." అంత తేలిక! లోకంలో నేను తప్ప దానికి చెప్పేవాళ్ళు లేరు.

సౌండాయన నా పక్కనించి ఫోన్లోకి వంగి తల అడ్డంగా ఊపుతూ గబగబా మాట్లాడాడు. చెల్లెలు ఆయన మొహం చూసింది. "ఏమంటున్నాడు?"

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో ఆ ప్రశ్న. ఏమంటున్నారు? నా చేతులు నన్ను అడక్కుండానే లేచాయి. వచ్చిన మాట వచ్చినట్టు చెప్పాయి. "ఆ గొంతు తీసేస్తే మీ సినిమా సగం చచ్చిపోతుంది అంటున్నాడు."

"ఎవరి గొంతు?"

"నాది."

"ఏమంటోంది?"

చెప్పాను. కాఫీ సంగతి, శంఖం సంగతి, పిల్లి సంగతి. తల దువ్వడం దగ్గర కూడా ఒక్క ముక్క మింగలేదు. కిటికీ దగ్గర పిలిచిన పిలుపులు కూడా చెప్పాను. చెల్లెలి చేతులు కదల్లేదు. మావాళ్ళలో నోట మాట రాకపోవడమంటే అదే.

"ఇవన్నీ నా వెనక నిలబడే అన్నావా?"

"నీ వెనకే."

"చేతులతో ఎందుకు చెప్పలేదు?"

"చేతులు ఖాళీ ఉంటేగా! అమ్మ మాట, నీ మాట, ఊళ్ళోవాళ్ళ మాట, చేతులనిండా మీవే. నోరొక్కటే నాకు మిగిలింది."

దాని ముక్కుపుటాలు అదిరాయి. నా మీద జాలేమో అనుకున్నాను. కాదు. "అంటే హాల్లో వినేవాళ్ళందరూ నీ సినిమా చూస్తారు. నేను తీసింది నేనూ అమ్మా చూస్తాం. నా సినిమాలో నాకు తెలియనిది ఉండడమేంటి?" అచ్చం కుళ్ళే! నిజం చెప్పొద్దూ, దాని మొహంలో ఆ కుళ్ళు చూసేసరికి నాకు కడుపులో చల్లగా అనిపించింది.

"తీయించెయ్యనా మరి?" అని అడిగాను.

"వద్దు. ఆ మాటలన్నీ కింద అక్షరాలుగా వేయించు. నేనూ చూడాలి."

"అమ్మ చదువుతుందే!"

"చదవనీ."

ఆ రోజు హాలు సగం మావాళ్ళతో, సగం వినేవాళ్ళతో నిండింది. అమ్మ ముందు వరసలో చెల్లెలి పక్కన కూర్చుంది. నేను ఎప్పటిలాగే గోడవారన నిలబడ్డాను, అయిపోయాక మాట్లాడేవాళ్ళ మాటలు మోయాలిగా. లైట్లు తీశారు. అమ్మ దారం ఎక్కించింది, తెర కింద నా కాఫీ గోల పసుపు రంగు అక్షరాల్లో వచ్చింది. వినేవాళ్ళు ముందు నవ్వారు, మావాళ్ళు చదివి నవ్వారు. పిల్లి దగ్గర చెల్లెలి భుజాలు నవ్వుతో అదిరిపోయాయి. అమ్మ నిదానంగా చదువుతుంది, పెదవులు కదుపుతూ. తల దువ్వే చోట ఆవిడ పెదవులు ఆగిపోవడం నాకు పక్కనుంచి కనిపించింది. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది.

తర్వాత కిటికీ వచ్చింది. తెర మీద అమ్మ వీపు, చేతిలో సగం మడిచిన బట్ట. కింద ఒక్క మాట: అమ్మా.

తెర మీద అమ్మ తిరగలేదు.

మళ్ళీ వచ్చింది: అమ్మా.

ముందు వరసలో అమ్మ కుర్చీలో వెనక్కి తిరిగింది. తెరకి వీపు పెట్టి, చీకట్లో వరస వరసా వెతికింది. గోడవారన నన్ను పట్టుకుంది. తెర వెలుగులో చెయ్యి పైకెత్తి, ఇంట్లో ఎప్పుడైనా భుజం తడితే అడిగినట్టే, "ఏంటే?" అని అడిగింది.

ఎందరి మాటలో మోసిన చేతులు నావి. నా మాట చెప్పడానికి ఎంతకీ లేవలేదు. వెనకవాళ్ళెవరో "చెయ్యి దించండమ్మా" అని కసిరారు. అది అమ్మకి వినపడలేదు, నా జవాబు కోసం అలాగే చూస్తోంది.

"ఏం లేదమ్మా" అన్నాను, చేతులతో. "ఊరికే పిలిచాను."