గడ్డం లేని కాపరి

ఈ ముక్కు గిద్యోనుది కాదు, మూడోసారి గీశాను, ముందు రెండుసార్లూ సున్నం పూసి చెరిపేశాను, పదకొండు నెలలు కాపురం చేసిన మొగుడి ముక్కు గుర్తులేని ఆడది నేను తప్ప ఇంకెవరైనా ఉంటుందా, మడమల పగుళ్లు గుర్తున్నాయి, బువ్వలో పులుసు పోయగానే ముందు వాసన చూసే ఆ పాడు అలవాటు గుర్తున్నది, ముఖం దగ్గరికి వచ్చేసరికి అంతా పొగ, జర జల్ది గానియ్యి విమలా, పొద్దు వంగుతున్నది, అంటున్నది వెనుక నుంచి మా అత్త సుక్కమ్మ, రేపు తెల్లారితే ఈస్టరు, మొయినాబాదు క్రైస్తవులందరూ ఈ బొందలగడ్డకు వచ్చి తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు, అందుకే ఇవాళ వాడ వాడంతా ఇక్కడే సున్నాలు వేస్తున్నది, కానీ మా సమాధిలో ఎవరూ లేరు, మేస్త్రీ బాలమల్లు చేత గచ్చు చేయించి, తలవైపు బండ నిలబెట్టించి, దీని మీద నా కొడుకు ఫోటోల ఎట్లున్నడో గట్లనే గియ్యి అన్నది అత్త, నేను గియ్యనన్నాను, ఏడ్చాను, రెండు రోజులు మాట్లాడలేదు, ఫౌజులో చేరి ఇటలీకి పోయిన మనిషి, సర్కారు కాగితంలో కనబడుట లేదని రాశారు గానీ చనిపోయాడని రాయలేదు కదా, కనబడని మనిషి కనబడవచ్చు, ఇటలీ చిన్న దేశమా, యుద్ధమంటే గందరగోళం కదా, ఎక్కడో దవాఖానలో పడి ఉండవచ్చు, బతికున్న మనిషికి బొంద కట్టి బొమ్మ గీస్తే పాపం నాకు కాదా, అయినా గీస్తున్నాను, ఎందుకంటే అది ఫోటో కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

అది రోము నుంచి వచ్చిన బొమ్మ కార్డు, పోయిన వానాకాలం చేవెళ్ల టపాలో ఉత్తరంతోపాటు వచ్చింది, విమలా, రోము పట్నం చూసిన, నేల కింద సొరంగాలున్నయి, మొదటి క్రైస్తవులు గోడలల్ల అరలు తొలిచి వాళ్ల పీనుగులను అండ్ల పండవెట్టిండ్రు, దీపం పట్టుకొని దిగితే పైన బొమ్మలు, సిలువ మీద యేసయ్య నాకు యాడ కనవడలే, గొర్రెపిల్లను బుజాల మీద ఏసుకున్న పడుచు కాపరి ఉన్నడు, ఆయనే మన యేసయ్య అంట, గడ్డం లేదు, అంగీ మోకాళ్ల దాకనే, నాకు మస్తు నచ్చిండు, ఆ క్రైస్తవులల్ల బానిసలు, కూలోళ్లు మస్తుమంది అంట, మనసొంటోళ్లే విమలా, పోయినోళ్ల పేర్లు తడి సున్నంల గీకిండ్రు, అని రాశాడు, నేను సొరంగాల దాకా పైకి చదివానో లేదో అత్త కార్డు లాక్కుని, ఓ యేసయ్యా, నా కొడుకు ఫోటో దిగిండు, మీసాలు గీయించిండు, గీ గొర్రెపిల్ల ఎవలదిరా కొడుకా అని కార్డుతోనే మాట్లాడుతుంటే నాకు నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను, ఆమె సంతోషం చూసి మిగతా ఉత్తరం మింగేశాను, మన గుడి పటంలో యేసుకు గడ్డం, పాదాలదాకా తెల్ల అంగీ, పాపం ముసలామె కార్డు మీది ఈ కాపరిని యేసని ఎట్లా పోల్చుకుంటుంది, ఆనాటి నుంచి ఆ కార్డు ఆమె బైబిల్లోనే, పొద్దున లేస్తే దానికే మొదటి ముద్దు, రెండు నెలలు తిరగకుండానే సర్కారు కాగితం వచ్చాక ఇంకేం చెబుతాను, అందుకే ఈ బండ మీద ఒళ్లూ గొర్రెపిల్లా కార్డులోవే, ముఖమైనా గిద్యోనుది పెడదామని చూస్తున్నాను.

గిద్యోనూ, ఎక్కడున్నావయ్యా, నువ్వు చూసిన ఆ బొమ్మలు గీసినవాళ్లకు ముఖాలు గుర్తుండేవా, ఆ చీకట్లో, తమవాళ్లను పక్కన పడుకోబెట్టుకుని, వాళ్లకు శవమైనా ఉన్నది, నాకు నీ చొక్కా ఒకటి ఉన్నది, దాని వాసన కూడా పోయింది, నువ్వు కావాలి నాకు, బొమ్మ వద్దు, గుడి వద్దు, పులుసు వాసన చూసి వంక పెట్టు, తిట్టు, కానీ రా.

ఎవరమ్మా ఈ పిల్లగాడు, అన్న మాటకు ఉలిక్కిపడి చూస్తే పాస్టరు సాముయేలు అయ్యగారు, సమాధులు చూసుకుంటూ వచ్చి మా బండ ముందు ఆగాడు, యేసు అంటే అత్త గుండె పగులుతుంది, గిద్యోను అంటే అయ్యగారి ముందు అబద్ధం, నేను నోరు తెరవకముందే అత్త అన్నది, యేసయ్యనే అయ్యగారూ, గడ్డమేదమ్మా మరి, అన్నాడాయన, మొదట్ల రోమోళ్లు గిట్లనే గీసిండ్రట, నా కొడుకు రాసిండు, అన్నది అత్త ఏ తడబాటూ లేకుండా, ఆయన తల ఊపి పక్క సమాధి దగ్గరికి వెళ్లిపోయాడు.

నీకెట్ల ఎర్క అత్తా, అన్నాను, నువ్వు చదువంగ నడుమ ఆగినవ్ గద, బడి పంతులుతోని మల్ల చదివించిన, అన్నది, మరి ఇన్నినాళ్లూ ఫోటో ఫోటో అని ఎందుకన్నవ్, అంటే నా వైపు చూడకుండా గచ్చు మీది సున్నపు చుక్క గోటితో గీకుతూ, వాడు పోయిన సంది నువ్వు నవ్వింది ఆ ఒక్కపారే బిడ్డా, మల్ల నవ్వుతవేమో అని, అన్నది.

ఓసి నా తల్లీ, ఇన్నాళ్లూ నేను ఆమెను కాపాడుతున్నానని ఎంత గర్వపడ్డాను, కొడుకు లేడని ఆమె ఎప్పుడో ఒప్పుకున్నది, బొంద కట్టించింది, నేనే వద్దు వద్దని అడ్డం పడ్డాను, ఇంట్లో నేను వాకిలి వైపు చూస్తూ కూర్చుంటే ఆమె ఏ మూలకు పోయి ఏడుస్తుంది, నేను ఎదురుచూసినన్నాళ్లు ఆమెకు ఏడ్చే వీలే లేకపోయింది, కుంచె కింద పెట్టాను, ఆమె పక్కన గచ్చు మీద కూర్చున్నాను, గిద్యోను ఇగ రాడు అత్తా, అన్నాను, అనగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకోబోయి, కుక్కుకోకుండా, వాడ వాడంతా తిరిగి చూసేటట్టు, నా కొడకా అని అరిచింది.