ఒక పాట, ఒక పేజీ

“అన్న పాట ఎప్పుడు దెబ్బతిన్నాదో నాను సెప్తాను వినండి,” అన్నాడు జెఫ్రీ, నేనిచ్చిన టీ గ్లాసు నా వైపు చూడకుండానే అందుకుంటూ. “వొదిన ఉజ్జోగంలో సేరింది సూడు, ఆ ఏడు. ఇంట్లో నిమ్మళం పోయింది. నిమ్మళం లేందే పాటెలగొస్తాది? తప్పుగా అనుకోకు వొదినా.”

తప్పుగా అనుకోవడానికి నాకు తీరికెక్కడిది? లోపల రెండో వాయి గారెలు నూనెలో ఉన్నాయి. చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు.

తెలుగునేలకి దూరంగా ఉన్న ఈ రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మా క్వార్టర్ వరండా ఆదివారం మధ్యాహ్నాలు కోర్టయిపోతుంది. విచారణ ఎప్పుడూ ఒక్కటే, విల్‌ఫ్రెడ్ పాట ఎందుకు పాడైపోయిందీ అని. విల్‌ఫ్రెడ్ మా ఆయన. పగలు లోకో షెడ్డులో పని చేసి, సాయంత్రాలు ‘లూప్ లైన్’ అనే రాక్ బ్యాండుకి పాటలు రాసి, గిటారు పట్టుకుని పాడేవాడు. తొంభైల చివర రెండు క్యాసెట్లు వచ్చాయి. ఆ పదహారు పాటలూ ఈ కాలనీలో ఇప్పటికీ నలభై దాటిన ప్రతి తెలుగు మగవాడికీ కంఠతా వచ్చు. తర్వాత వచ్చిన నాలుగు ఆల్బమ్‌లలో ఒక్క పాటైనా ఎవరికీ రాదు. జెఫ్రీ గూడ్సు బండి గార్డు, ఆయనకి మొదటి అభిమాని. ప్రతివారం ఇంకెవర్నో వెంటపెట్టుకొస్తాడు. ఒకడు గిటారిస్టు మారడం వల్ల అంటాడు, ఇంకొకడు ప్రమోషన్ వల్ల అంటాడు. మా ఆయన పేము కుర్చీలో కూచుని వింటూ ఉంటాడు. తను ఎలా పతనమయ్యాడన్న చర్చ కూడా ఆయనకి ఇష్టమే, తన గురించే కదా మరి.

జెఫ్రీ మాట నాకు కొత్త కాదు. మా అత్తగారు చనిపోయేదాకా ఆ మాటే అన్నారు. చుట్టాలతో, పాస్టరుగారితో, పాలు పోసే దాదాతో కూడా. “ఇది ఆపీసుకి పోయిన కాణ్ణించే నా కొడుకు పాట సచ్చిపోనాది.” నేను నమ్మాను. నమ్మకపోవడానికి నా దగ్గర కారణమేదీ లేదు, తారీఖులు సరిగ్గా సరిపోతున్నాయి. 2003లో పరీక్ష రాసి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరాను, ఆ ఏడు తర్వాత ఆయన రాసింది ఎవరూ పాడుకోలేదు. అందుకని ఆయన నోరు తెరిచి అడగకుండానే శిక్ష వేసుకున్నాను. నాలుగింటికి లేచి వంట చేసేదాన్ని. ఆయన గిటారు తీస్తే కుక్కరు విజిల్ రాకుండా స్టవ్ ఆపేసేదాన్ని, పప్పు ఉడక్కపోయినా సరే. ఆ పప్పు బద్దలు బద్దలుగా ఉందని మళ్లీ ఆయనే అనేవాడు. ఆఫీసులో మా సాహెబు నాలుగు పేజీల నోటు నా టేబులు మీద పడేసి, “స్వర్ణా దీదీ, జరా ఫెయిర్ కర్ దీజియే,” అనేవాడు, కాస్త సాపు చేసి ఇమ్మని. దాన్ని ఒక్క పేజీకి దించి ఇచ్చేదాన్ని. ఆయన సంతకం పెట్టేవాడు, పైవాళ్లు ఆయన్ని మెచ్చుకునేవారు, ఆయన నా టైపింగ్ బావుంటుందనేవాడు. ఇంటికొచ్చేసరికి ఆరు. అత్తగారు గుమ్మంలో కూచుని ఉండేవారు, ఆ ఒక్క వాక్యంతో.

ఈ ఆదివారం జెఫ్రీ ఇద్దరు పిల్లల్ని తెచ్చాడు. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నారు, త్రివిక్రమ్‌ది వరంగల్, వర్షది నెల్లూరు. లూప్ లైన్ మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నారట. త్రివిక్రమ్ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“అంకుల్, మీ పాటలన్నీ ఇందులో పెట్టి ‘నేను’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో చూశాను. మొదటి రెండు క్యాసెట్లూ కలిపి పదకొండుసార్లు వచ్చింది. 2003 తర్వాత ఒక్కో పాటలోనే అంతకంటే ఎక్కువుంది.”

“నాను సెప్పిన ఏడేనా కాదా?” అన్నాడు జెఫ్రీ.

“కళాకారుడు ఎదిగిన కొద్దీ తన లోపలికి తను సూసుకుంటాడు బాబూ,” అన్నాడు మా ఆయన. “అది అర్థం సేసుకునే వినికిడి ఉండాల.”

వర్ష రాతప్రతులు ఉన్నాయా అని అడిగింది. ఆయన మొహం వెలిగిపోయింది. “స్వర్ణా, ఆ నల్ల ట్రంకు దించు,” అన్నాడు. స్టూలెక్కి దించాను. మోకాలు కలుక్కుమంది, ఎవరూ చూడలేదు. పైన ఆయన చిత్తుప్రతులు, షెడ్డులో పాత ఫారాల వెనక రాసినవి. కింద నా పొడుగు నోటుబుక్కు, అందులో అవే పాటలు నీలం సిరాతో, నా గుండ్రటి అక్షరాల్లో. వర్ష నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒక చిత్తుప్రతినీ దాని ఫెయిర్ కాపీనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“అంకుల్, ఇందులో ఏడు చరణాలున్నాయి. మీరు పాడింది మూడే. మిగతావి ఎప్పుడు తీసేశారు?”

“తియ్యడమేటి? నాను తియ్యలేదే.” కళ్లజోడు పెట్టుకుని వంగాడు. పెదవులు కదిలిస్తూ చదువుకున్నాడు. ఊరంతటినీ ఒక్కడే లాక్కుపోయే ఇంజను తానేనని చెప్పుకున్న చరణం అది. తలెత్తి నా వైపు తిరిగాడు. “నువ్వు రాసినప్పుడు ఒగ్గీసినావేటి?”

“పేజీ సరిపోలేదండి,” అన్నాను. అప్పట్లోనూ ఒకసారి అడిగితే ఇదే చెప్పాను. బల్ల మీద ఏ కాగితం ఉంటే అది పాడే మనిషి, మళ్లీ అడగలేదు.

వర్ష మాత్రం వదల్లేదు. “పేజీ సరిపోకపోవడమేంటి ఆంటీ?”

చెప్పక తప్పలేదు. మా చర్చి క్వయర్‌లో నేను పన్నెండో ఏట చేరాను. పాటలు చేత్తో రాసుకునేవాళ్లం. జెనీ టీచరుకి ఒకటే నియమం, ఒక పాట ఒక పేజీ. పాట మధ్యలో ఇరవైమంది పేజీ తిప్పితే ఆ చప్పుడుకి పాట వినపడదని. పాట పొడుగైతే చరణాలు వదిలెయ్యాలి. ఏవి వదలాలని అడిగితే టీచరు చెప్పింది, “అంట్లు తోమతా పాడుకోండి. ఏది గుర్తురాకపోతే అది ఒగ్గీండి.” పెళ్లయ్యాక ఈయన చిత్తుప్రతులు ఫెయిర్ చెయ్యమంటే నాకు తెలిసిన పద్ధతి అదే. ప్రతి పాటనీ సింకు దగ్గర పాడుకున్నాను. ఆయన గురించి ఆయన రాసుకున్నవేవీ నాకు అక్కడ గుర్తొచ్చేవి కావు.

“ఎన్ని పాటలకి చేశారు?”

“అన్నిటికీ.”

“2003లో ఆపేశారా?” అన్నాడు త్రివిక్రమ్.

“ఆఫీసులో చేరాను కదా బాబూ, రాయడానికి తీరిక లేకపోయింది. ఈయన కంప్యూటర్ కొన్నాడు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకుని ప్రింటు తీసుకునేవాడు. అందులో పేజీలకి కరువు లేదు.”

జెఫ్రీ చేతిలో గారె మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. మొదటిసారి నా మొహంలోకి చూశాడు. “మరెప్పుడూ సెప్పలేదేటి వొదినా?” అన్నాడు. ఎవరు అడిగారు గనక. నాకే తెలియదు, ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చేదాకా. నేను చరణాలు వదిలేశానని తెలుసు, పాట పాడైందని తెలుసు, ఆ రెండిటినీ ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అలా పక్కపక్కన పెట్టడానికి నెల్లూరి పిల్ల రావలసి వచ్చింది.

గారెలు మాడుతున్నాయని వంకపెట్టి లోపలికి వెళ్లాను. స్టవ్ ఎప్పుడో ఆపేశాను. గోడకి ఆనుకుని నిలబడితే నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపూ వచ్చింది, మళ్లీ నవ్వే నిలిచింది. ఇరవై ఏళ్ల పైచిలుకు నా మెడకి కట్టుకుని తిరిగిన నేరం నాది కానే కాదు. నా జీతం వల్ల, నా బస్సు వల్ల, ఆరింటికి గుమ్మంలో విప్పిన నా చెప్పుల వల్ల ఎవరి పాటా చావలేదు. ఉడకని పప్పులన్నీ గుర్తొచ్చాయి. ఎన్ని విజిళ్లు ఆపుకున్నాను. ఒళ్లంతా తేలికైపోయి, పళ్లెంలో మిగిలిన గారె నిలబడే తినేశాను.

పిల్లలు వెళ్లాక ఆయన చాలాసేపు వరండాలోనే ఉన్నాడు. అయిదు దాటాక వంటింట్లోకి వచ్చాడు, చేతిలో కాగితాలు. డిసెంబరులో లూప్ లైన్ పాతవాళ్లంతా కలిసి పాడుతున్నారు, దానికి కొత్త పాట. పదమూడు చరణాలు.

“ఆ పిల్లలతో మాటాడినాను. పాడ్‌కాస్టులో ఈ గొడవ పెట్టొద్దన్నాను,” అన్నాడు. తర్వాత కాగితాలు గట్టు మీద పెట్టాడు. “ఇది నువ్వు రాసిపెట్టు స్వర్ణా. పాతలాగ, ఒక్క పేజీలోకి.”

“అంటే ఎవులికీ తెలీకండానా?” అన్నాను.

ఆయన నేల చూపులు చూశాడు. “ముప్పై ఏళ్ల పేరు కదా,” అన్నాడు మెల్లగా.

జాలేసింది. లేదని అబద్ధం చెప్పను. కాగితాలు తిరగేశాను. మూడో చరణం బావుంది, పొగమంచులో యార్డులో నిలిచిపోయిన బండి గురించి. తొమ్మిదోది కూడా పరవాలేదు. తక్కినవన్నీ ఆయనే. పెన్సిలు అందుకుంటే పది నిమిషాల పని. డిసెంబరులో హాలంతా లేచి నిలబడుతుంది, విల్‌ఫ్రెడ్ మళ్లీ వచ్చాడని జెఫ్రీ ఏడుస్తాడు, నేను వెనక వరసలో కూచుని చప్పట్లు కొడతాను. సోమవారం మళ్లీ సాహెబు నోటు. నా చెయ్యి పెన్సిలు దాకా వెళ్లింది కూడా.

తీసుకుని, కాగితాల మీద పెట్టి, మొత్తం ఆయన వైపే జరిపాను. వచ్చినవాళ్లు తిన్న పళ్లేలు, గ్లాసులు, నూనె మూకుడు సింకు నిండా ఉన్నాయి.

“అంట్లు అక్కడున్నాయి,” అన్నాను. “తోమతా పాడుకోండి. ఏది గుర్తురాకపోతే అది ఒగ్గీండి.”

నాకు క్వయర్ ప్రాక్టీసుకి టైమయింది. చీర ఎలాగూ మార్చుకోలేదు, చెప్పులు వేసుకుని బయటపడ్డాను. సందు మలుపులో ఉండగా మా ఇంట్లో కుళాయి విప్పిన చప్పుడు, మూకుడు కింద పడిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి ఆయన గొంతు. మొదటి చరణం రెండో లైనులో ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఏకంగా మూడోదానికి వెళ్లాడు.

మా అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆఫీసుకి పోయిన దగ్గర్నుంచే ఆవిడ కొడుకు పాట చచ్చిపోయింది.