చదివి వినిపించడమైనది

శవాన్ని ఇంకా కిందికి దించలేదు. బట్టల తానులు మోసే తోపుడు బండి మీదే ఉంది. రంగు సరిగా పట్టలేదని మిల్లువాళ్ళు పక్కన పడేసిన గుడ్డ ఒకటి తెచ్చి పైన కప్పారు. గుడ్డ చాల్లేదు. పాదాలు బయటికే ఉన్నాయి, మడమల దాకా నీలంగా.

మడతలక్క పరుగున గేటు దగ్గరికొచ్చేసరికి చెల్లెలు ఆ బండి పక్కన నేలమీద కూలబడి ఉంది. ఎదురుగా ఒక నల్లకోటు మనిషి గొంతుకూర్చుని, అయినవాడిలా మెత్తగా ఏదో చెబుతూ, ఆమె బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. తర్వాత తన జేబురుమాలుతో ఆ వేలు తుడిచాడు కూడా.

"ఏంటది? ఏం రాయించుకుంటున్నారు?" అని అరిచింది మడతలక్క.

"ఏం లేదమ్మా, శవాన్ని మీకు అప్పగించినట్టు. రూలు." కాగితం మడిచి కారెక్కాడు. ఆయన కంపెనీ పెద్ద వకీలు.

తానులు మడతపెట్టే సెక్షన్లో పదిహేనేళ్ళు చేసింది కాబట్టి ఆమె అందరికీ మడతలక్క. చచ్చిపోయినవాడు ఆమె చెల్లెలి మొగుడు. మురుగునీళ్ళ ట్యాంకు కడగమని ముక్కుకి మాస్కు లేకుండా దింపారు. నడుముకి తాడన్నా కట్టండయ్యా అంటే, తాడు వెతికేలోపు పని అయిపోతుందన్నాడు సూపర్‌వైజరు. నిజమే, అయిపోయింది.

నాలుగో రోజు ఆ కాగితం నకలు యూనియన్ చేతికొచ్చింది. బాయిలర్ దగ్గర పనిచేసే యూనియన్ నాయకుణ్ణి అందరూ బాయిలరన్న అంటారు. ఆయనే పనివాళ్ళ వీధి మధ్యలో నిలబడి చదివాడు.

"నా భర్తకు చాలాకాలంగా గుండెజబ్బు. ఆ రోజు అతను డ్యూటీలో లేడు. అతని చావుకూ మిల్లుకూ ఏ సంబంధమూ లేదు. చదువురాని నాకు పై విషయాలు చదివి వినిపించగా, విని, సమ్మతించి వేలిముద్ర వేశాను." కింద నోటరీ సంతకం, గుండ్రటి సీలు.

చెల్లెలు తలెత్తింది. "చదువురాని నాకా?" అంది. వీధి మొత్తానికి అర్జీలు రాసిపెట్టేది ఆమే. ఆ మాట తర్వాత ఆమె మళ్ళీ నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున మిల్లులోని మూడు సెక్షన్ల పనివాళ్ళూ గేటు ముందు కూర్చున్నారు. పెద్ద వకీలు కారు వస్తే దారివ్వలేదు. కాగితం సంగతి చెప్పమని అడిగారు. ఆయన దిగి తోశాడు, వీళ్ళు తోశారు. తోపులాటలో నల్లకోటు చెయ్యి చిరిగింది. అంతే. మధ్యాహ్నానికి బాయిలరన్నతో కలిపి పదకొండుమందిని పట్టుకెళ్ళారు. హత్యాయత్నం అన్నారు. సాయంత్రానికి బార్ అసోసియేషన్ తీర్మానం చేసింది: కోటు మీద చెయ్యేసినవాళ్ళ తరఫున ఏ వకీలూ నిలబడకూడదు.

నాలుగు వందలమంది వకీళ్ళకి ఆ చిరిగిన కోటు చెయ్యి కనపడింది. నీలం పాదాలు మాత్రం ఎవరికీ కనపడలేదు!

మడతలక్క కోర్టంతా తిరిగింది. ఆస్తి తగాదాలు చూసే వకీలు కుర్చీ వేయించి, టీ ఇప్పించి, "న్యాయం నీ వైపే ఉందమ్మా, నేనే లేను" అన్నాడు. కార్మికుల హక్కుల గురించి పేపర్లలో రాసే వకీలు గబగబా ఫైళ్ళు సర్దుకుంటూ, "ఈ వారమంతా ఊళ్ళో ఉండను" అన్నాడు. ప్రభుత్వ వకీలు అయితే ఎంతో దయగా నవ్వి, "నేను ప్రజల తరఫునే కదమ్మా, అందుకే మీకు వ్యతిరేకం" అన్నాడు. పెద్ద వకీలు గది బయట ఆయన పుస్తకాలు మోసే జూనియరమ్మాయి ఒకతె నిలబడి ఉంది. మడతలక్క మొహంలోకి చూడలేక తల దించుకుంది.

కోర్టుకెక్కితే గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అనేది అమ్మ. ఇక్కడ ఎక్కనైనా ఎక్కనివ్వలేదే అనుకుంది మడతలక్క.

అప్పుడు కనపడింది, మెట్ల కింద, ఆ గుండ్రటి సీలు. పాతబడి గోధుమరంగుకి తిరిగిన కోటులో ఒక ముసలాయన ఎవరు ఏ కాగితం ఇచ్చినా చూడకుండానే గుద్ది పంపుతున్నాడు. జనం ఆయన్ని స్టాంపు వకీలంటారు. ఆమె నకలు తీసి ఆయన బల్లమీద పరిచింది.

"ఇది మా చెల్లెలికి మీరు చదివి వినిపించారా?"

ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఆ పిల్లనే నేను చూళ్ళేదమ్మా."

"మరి సీలు?"

"పెద్దాయన ఆఫీసు నుంచి కట్టలు కట్టలు వస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా కొడుతున్నా."

"మీకూ పిల్లలుంటారుగా వకీలు గారూ. మిమ్మల్ని తిట్టడానిక్కూడా నోరు రావట్లేదు" అని కాగితం అక్కడే వదిలేసి వచ్చేసింది.

అరెస్టులైన రెండో రోజు సాయంత్రం పనివాళ్ళ వీధిలో మీటింగు. యూనియన్ షెడ్డులో చోటు చాలక జనం రోడ్డు దాకా ఉన్నారు. వీధి చివర పోలీసు జీపు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"వకీళ్ళ కాళ్ళు పట్టుకునేది లేదు. అందరూ ఒకే తానులో ముక్కలే!"

"లోపలున్న పదకొండుమందినీ మరి నీ నోటితో బయటికి తెస్తావా?"

అరుపుల మధ్య స్టాంపు వకీలు వచ్చాడు. "దొంగొచ్చాడ్రోయ్!" అని ఎవరో కాలర్ పట్టుకున్నారు. ఆయన విడిపించుకోలేదు.

"దొంగనే" అన్నాడు. "పదకొండుమందికీ నేను వకాల్తా వేస్తాను. ఆ కాగితం చదవకుండా, మనిషిని చూడకుండా సీలు కొట్టానని కోర్టుకి రాసిస్తాను. ఇస్తే నన్నూ లోపలేస్తారు. అందుకని ముందే వచ్చా. నేను లేకపోయినా ఏం చెయ్యాలో మీరు నేర్చుకోవాలి."

కాలర్ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. మడతలక్క లేచి వెళ్ళి ఆ చేతిమీద చెయ్యి వేసింది. "వదులు తమ్ముడూ. రేపు పారిపోతే అప్పుడు పట్టుకుందాం. నేర్పేది నేర్పనీ."

రెండు సాయంత్రాలు నేర్పాడు. ఏ కాగితానికైనా నకలు అడగాలి. లాకప్పులో కొడితే ఆ దెబ్బలు మేజిస్ట్రేటుకి చూపించి రాయమని పట్టుబట్టాలి. వకీలు లేనివాడు తన మాట తనే చెప్పుకోవచ్చు. "ఇంతేనా?" అన్నారు జనం. "ఇంతే. ఇది మీకు తెలీకుండా ఉండటానికే మాకు నల్లకోట్లు కావాల్సొచ్చింది" అన్నాడాయన. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు, వీధి చివరకి చూశాడు. ఇప్పుడు అక్కడ రెండు జీపులున్నాయి.

బెయిలు రోజున ఆయన కోర్టు మెట్లు సగమే ఎక్కాడు. అంతకుముందు రోజు తను రాసిచ్చిన కాగితం మీదే కేసు: దొంగ ధ్రువీకరణ. తప్పు ఒప్పుకున్నవాడు జీపులోకి, చేయించినవాడు కోర్టులోకి.

"ముద్దాయిల తరఫున ఎవరు?" అన్నాడు మేజిస్ట్రేటు.

ఎవరూ లేవలేదు. బోనులో బాయిలరన్న ముందుకొచ్చాడు. ఆయన ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. ములాఖత్‌లో మడతలక్క చెప్పిన మాటలన్నీ ఆయనకి గుర్తున్నాయి.

"మా వకీలుని మీ మెట్ల మీదనుంచే లాక్కెళ్ళారండీ. మా మాట మేమే చెప్పుకుంటాం. ముందు ఈ కన్ను సంగతి రాయండి."

"తర్వాత చూద్దాం."

"రాసేదాకా వీపు కూడా చూపిస్తామండీ" అని చొక్కా విప్పాడు. వెనకాలే పదిమందీ విప్పారు. వీపుల మీద లాఠీ చారలు. గదిలో వకీళ్ళు తలలు పక్కకి తిప్పుకున్నారు. మేజిస్ట్రేటు చివరికి కలం తీసి రాశాడు. బెయిలు మాత్రం ఇవ్వలేదు.

వారం తిరిగాక మడతలక్క చెల్లెల్ని వెంటబెట్టుకుని కోర్టుకెళ్ళి మెట్ల కింద కూర్చుంది. మడతల సెక్షన్లో చదవడం వచ్చిన ఆడవాళ్ళు మరో ఆరుగురు. కాగితంతో వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, "సంతకం తర్వాత. ముందు చదువుతాం, విను" అన్నారు. మొదట ఒక తాత వచ్చాడు. కుళాయి కనెక్షన్ కోసమన్నారట. చదివితే, ఇల్లు ఖాళీ చేస్తానని ఒప్పుకోలు!

"కుళాయి అన్నారే!" తాత అక్కడే చతికిలబడ్డాడు.

మధ్యాహ్నానికి మెట్ల కింద వందమంది. పెద్ద వకీలు పైనుంచి చూసి ఫోను చేసుకుంటూ లోపలికెళ్ళాడు. ఆయన వెనకున్న జూనియరమ్మాయి వెళ్ళలేదు. చేతిలో పుస్తకాలు మెట్టుమీద పెట్టేసి కిందికి దిగింది. "మీరు చదవండక్కా. అర్థంకాని చోట నేను చెప్తాను" అంది. ఆమెని నమ్మాలో లేదో ఎవరికీ తెలీలేదు. అయినా జరిగి చోటిచ్చారు.

పోలీసు వ్యాను వచ్చింది. కోర్టు పనికి అడ్డం అన్నారు. మడతలక్క చేతిలో ఒక కూలీమనిషి కాగితం సగం చదివి ఉంది.

"ఈ ముక్క పూర్తిచేసి వస్తా" అంది. పూర్తిచెయ్యనివ్వలేదు. జుట్టు పట్టి ఈడ్చారు. కాగితం కిందపడింది. వ్యాను తలుపు మూసుకుంది.

చువ్వల్లోంచి చూసింది. లాఠీలు లేస్తున్నాయి. జనం వెనక్కి జరుగుతున్నారు, మళ్ళీ ముందుకొస్తున్నారు. ఆ తొక్కిడిలో చెల్లెలు వంగి కాగితం తీసుకుని, దుమ్ము దులిపి, అక్క కూర్చున్న చోట కూర్చుంది. రెండు వారాలుగా పలకని గొంతు ముందు పెగల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"గట్టిగా చదవ్వే!" అని చువ్వలు గుద్దుతూ అరిచింది మడతలక్క. "అందరికీ వినపడేలా చదువు!"

వ్యాను కదిలింది. మలుపు తిరిగేదాకా చెల్లెలి గొంతు వినపడుతూనే ఉంది. ఒకటి కాదు, చాలా గొంతులు.